ఇత్తడి నట్టు

హార్లన్ ఇత్తడి నట్టును పక్కకు తీసి, పేకముక్కల మూలలు బొటనవేలితో పైకెత్తి చూసి, మళ్ళీ వాటి మీద నట్టు పెట్టాడు. రెండు తొమ్మిదులు. ఇందాక చూసినప్పుడూ తొమ్మిదులే. అయినా చూశాడు.

గార్డీనా ఊళ్ళోని ఆ పోకర్ పేకాట క్లబ్బులో అతనిది జీతానికి ఆడే ఉద్యోగం. ఏ బల్ల దగ్గర జనం పలచబడితే అక్కడికి వెళ్ళి కుర్చీ నింపాలి. ఆడేది మాత్రం సొంత డబ్బుతోనే. పైపులు బిగించే పని మానేసి ఇందులో చేరినప్పుడు ఇంతకంటే తిక్క కొలువు ఉండదని అందరూ నవ్వారు. నిజమే, కానీ హార్లన్‌కి ఆ కుర్చీ అంటే ప్రాణం.

ఈ మధ్య బుర్ర మొరాయిస్తోంది. పొద్దున కూర్చుంటే మధ్యాహ్నానికి ఎదుటివాడి పందెం చెవిన పడుతుంది గాని తలకెక్కదు. పోయిన వారం ఆరును తొమ్మిదనుకుని అందరి ముందూ తెల్లమొహం వేశాడు. ఇంకొక్కసారి ఇలా జరిగితే కుర్చీ వదులుకోవాల్సిందేనని మేనేజరు డెస్మండ్ ఈ ఉదయం కాఫీ ఇచ్చి మరీ మెత్తగా చెప్పాడు. ఆ మెత్తదనానికే హార్లన్‌కు భయమేసింది.

బల్ల మధ్య అందరికీ ఉమ్మడిగా పరిచిన ముక్కల్లో ఇంకో తొమ్మిది ఉంది. తనవాటితో కలిపి మూడు. ఎదురుగా ఆడుతున్న మంగలి లొన్నీ తన పందెం బిళ్ళలన్నీ ముందుకు తోశాడు.

"ఏం పెద్దాయనా, చూసిందే చూస్తున్నావు. అవేమన్నా గుడ్లా, పొదగడానికి?"

హార్లన్ నవ్వలేదు. గెలిచేది తనే. తనేనా? అవి తొమ్మిదులేనా? మెడ వెనక చెమట పట్టింది. నట్టు తీసి చూశాడు. తొమ్మిదులే. ముక్కలు బోర్లించాడు గాని, నట్టు పిడికిట్లోనే ఉండిపోయింది.

బరువు పెట్టని ముక్కలంటే అక్కడ ఆట వదులుకున్నట్టే లెక్క. పక్కనే ముక్కలు పంచే తుయ్ ఏళ్ళ తరబడి ఆ నట్టును చూస్తోంది. అది కనబడకపోయేసరికి ఆమె చెయ్యి దానంతటదే కదిలి, వాటిని ఆట వదులుకున్నవాళ్ళు పారేసిన ముక్కల్లో కలిపేసింది. కలిపాక గాని ఆమెకు తెలియలేదు. చెయ్యెత్తి మేనేజరును పిలిచింది.

డెస్మండ్ వచ్చాడు. కలిసిపోయిన ముక్కలు ఇక బయటికి రావు, రూలు రూలే. అయినా మనసొప్పక అడిగాడు.

"ఇంతకీ నీ దగ్గర ఏమున్నాయి, హార్లన్?"

హార్లన్ నోరు తెరిచాడు. ఇప్పుడే కదా చూశాడు. తొమ్మిదులు. లేక ఆరులా? ఎంత తడుముకున్నా లోపల ఏమీ తగల్లేదు.

"ఏమో," అన్నాడు. "తెలీదు."

గెలిచిన లొన్నీ బిళ్ళలు దగ్గరికి లాక్కోకుండా తల దించుకున్నాడు. తప్పు తనదేనంటూ తుయ్ ఏదో అనబోయింది.

"కాదమ్మా. నువ్వు సరిగ్గానే చేశావు," అని హార్లన్ నట్టును బల్ల మీద పెట్టి లేచాడు. కోటు భుజాన వేసుకుని, డెస్మండ్‌కు తలూపి, ఎండలోకి వెళ్ళిపోయాడు. ఇక రాడని ఎవరూ ఎవరికీ చెప్పుకోలేదు.

తుయ్ తరువాతి ఆట పంచింది. ఆమె పక్క కుర్చీ ముందు, ముక్కలు పడని ఖాళీలో, చేతి చెమట ఇంకా ఆరని ఇత్తడి నట్టు ఉంది.