లేదన్న మాట నమ్మిన పరీక్ష

నాసిరకం బ్యాటరీలు వేసి కంపెనీవాళ్లు కౌంటీ సర్కారును నట్టేట ముంచారనీ, సిగ్నే వాళ్ల నది పెట్టెలు చలికి బిగుసుకు చచ్చాయనీ పక్కింటి లవోన్ చర్చి కింది హాల్లో కాఫీ పోస్తూ నలుగురితో అన్నదట. ఆ మాట క్షౌరశాల మీదుగా తిరిగి తిరిగి, కంపెనీలో ఆ పెట్టెల సాఫ్ట్‌వేర్ పరీక్షించే సిగ్నే హౌగెన్ చెవిన పడేసరికి, పెట్టెలు పేలి చేపలు తేలాయన్నంత పెద్దదయింది.

సిగ్నేకు కోపం రాలేదు. తప్పు బ్యాటరీదే అయితే అంతకన్నా కావలసిందేముంది అనుకున్నది.

బర్చ్ నది పొడవునా, చలికాలానికి ముందు కొత్తగా బిగించిన నూట నలభై పెట్టెలున్నాయి. నీటిమట్టం కొలిచి కబురంపడం వాటి పని. డిసెంబరు ఒకటి నుంచి బ్యాటరీ ఆదా కోసం ఆరేసి గంటలు పడుకోవాలి. లోపలి గడియారం అలారం కొడితే లేచి, కొలత చెప్పి, మళ్లీ పడుకోవాలి. ఈసారి ఒకటో తారీఖున పడుకున్నవి పడుకున్నట్టే ఉన్నాయి. చలికి మూగబోవడం పాత పెట్టెలకూ ఏటా ఉన్నదే, ఎండ కాస్తే ఇవీ లేస్తాయని అందరూ ఊరుకున్నారు. మార్చి ఆఖరుకు ఎండ కాసింది. ఒక్కటీ లేవలేదు. వారం పదిరోజుల్లో మంచు కరిగి నది పొంగుతుంది. కింది ఊరికి ముందుగా చెప్పేవి ఆ పెట్టెలే.

సిగ్నే బీరువాలో మిగిలిన పెట్టె ఒకటి తీసి, వెచ్చని గదిలో బల్లమీద పెట్టి, రెండు నిమిషాలకు అలారం పెట్టి పడుకోబెట్టింది. కాఫీ తాగింది. కప్పు కడిగి వచ్చింది. పెట్టె లేవలేదు. ఇక్కడ చలి లేదు, బ్యాటరీ కూడా కొత్తది.

ఆమె కంప్యూటరు ముందు కూర్చున్నది. అక్టోబరు పరీక్షల నివేదిక తెరిచింది. పై నుంచి కింది దాకా అన్నీ నెగ్గినట్టు పచ్చగా, తడిపిన నారుమడిలా ఉంది. అలారం వరుస దగ్గర మాత్రం చీమతలంత అక్షరాల్లో ‘వదిలేయబడింది’ అని ఉంది.

పరీక్షకు ఆ వదిలేయడం నేర్పింది తనే. పదకొండేళ్లుగా ఆమె పని డ్రైవర్లను పరీక్షించడం. యంత్రంలోని ఒక్కో భాగానికీ దాన్ని నడిపే సాఫ్ట్‌వేర్‌కీ నడుమ డ్రైవరు అనే చిన్న ప్రోగ్రాం దుభాషి. రెండేళ్ల కిందట చవకరకం సర్క్యూట్ బోర్డులొచ్చాయి. వాటి గడియారానికి నిద్ర లేపే అలారం తీగే లేదు. సోమవారం సోమవారం నివేదికలో ఎర్రమచ్చలు.

“ఏంటి సిగ్నే, ప్రతి వారం ఈ తట్టు పోసినట్టు మచ్చలేంటి? లేనిదాన్ని పరీక్షించి తప్పిందంటే ఎట్లా?” అని మేనేజరు డ్వేన్ సతాయించాడు.

నిజమే కదా అని ఆమె పరీక్షలో అయిదు వరుసల కోడ్ రాసింది. ముందు డ్రైవర్ని అడుగు, అలారం ఉందా అని. లేదంటే ఆ పరీక్ష వదిలెయ్. వదిలేసినదాన్ని నివేదిక పచ్చలో కలిపేది.

కొత్త పెట్టెల్లో తీగ ఉంది, భేషుగ్గా అతికి ఉంది. కానీ బోర్డులో ఏది ఎక్కడుందో డ్రైవరుకు చెప్పే వివరాల జాబితాను ఎవరో పాత చవక బోర్డు నుంచి ఎత్తి రాశారు. తీగ సంగతి చెప్పే వరుస అందులో లేదు. డ్రైవరు జాబితా చూసి లేదన్నది. పరీక్ష సరేనని తప్పుకున్నది. అలారం పెట్టమంటే డ్రైవరు కుదరదన్నా, పెట్టెలోని ప్రోగ్రాం ఆ మాట వినిపించుకోకుండా దుప్పటి ముసుగేసుకున్నది. లేదన్నవాడి ఇల్లు ఎవరు సోదా చేస్తారు?

డ్వేన్ ఆమె భుజం మీంచి చూసి, “ఇంతేనా? ఒక్క వరుసే కదా, చేర్చి నది మీది పెట్టెలకు పంపెయ్,” అన్నాడు.

“ఎవరికి పంపేది? నిద్రపోయినవాడికి ఉత్తరం చదివి వినిపిస్తావా?”

“ఇంకో దారి?”

“మూత కింద మీట ఉంది. మనిషి వెళ్లి నొక్కాలి. నూట నలభై చోట్ల.”

డ్వేన్ కిటికీ వైపు చూశాడు. చూరు మీది మంచు కరిగి నీళ్లు ధారగా కారుతున్నాయి.

మధ్యాహ్నం కౌంటీ నుంచి టోయివో వచ్చాడు. అరవై ఎనిమిదేళ్ల మనిషి, పెట్టెలన్నీ తన చేత్తో బిగించినవాడు. మోకాళ్ల దాకా తడిసి ఉన్నాడు. పొద్దున మొదటి పెట్టె దగ్గరికి పోబోయి మంచులో దిగబడ్డాడట.

“ఏమ్మాయ్, లవోన్ చెప్పింది నిజమేనా? బ్యాటరీలేనా?”

“కాదు టోయివో. బ్యాటరీలు నిక్షేపంగా ఉన్నాయి. తప్పు నాది.” జరిగింది దాచకుండా చెప్పింది. అతను వింటూ బూటు విప్పి నీళ్లు చెత్తబుట్టలో ఒంపుకున్నాడు.

చివరికి ఆమె తెర అతని వైపు తిప్పింది. “ఇకమీదట డ్రైవరు లేదంటే పరీక్ష నమ్మదు. తీగ ఉన్న బోర్డుల పట్టీ విడిగా పెట్టాను. పట్టీలో ఉన్న బోర్డుకు డ్రైవరు లేదన్నదంటే పరీక్ష తప్పినట్టే. చూడు, ఇప్పుడు ఎర్రగా చూపిస్తోంది.”

టోయివో బూటు తొడుక్కున్నాడు.

“నీ పరీక్ష లేచింది, బాగుంది. మంచు మీద నిలబడితే మనిషి మునుగుతున్నాడు. నా పెట్టెల్ని ఎవరు లేపుతారు?”