ఎరుపెక్కని వీధి

వ్యాను నేలకు అంటుకున్న వాంతిని డ్రైవరు అట్టముక్కతో గీకుతున్నాడు. ఎన్ని నీళ్ళు కొట్టినా సీటు సందుల్లోంచి ఆ పులిసిన కంపు పోదు. పొద్దున ఇంట్లో తమ్ముడి గది కడిగినప్పుడూ ఇదే కంపు. అమ్మ మాత్రం వంటింట్లో చిన్న చెంచా కనపడటం లేదని సణుగుతూ తిరిగింది. ఇన్నేళ్ళుగా ఆయన బతుకంతా ఇదే: కడగడం, తోలడం, మళ్ళీ కడగడం.

ఆఫీసు గోడకు పెద్ద తెర ఉంది. ఏ వీధిలో మత్తు ఎక్కువై మనుషులు పోతారో కంప్యూటరు ముందే అంచనా కట్టి ఆ వీధికి ఎరుపు పూస్తుంది. పాత చావుల లెక్కలు చూసి నేర్చుకుందట. ఊపిరి నిలబెట్టే ముక్కుమందు పెట్టుకుని వ్యాను ఎరుపున్న చోటే ఆగాలి. తెర చూసుకునే అధికారిని అందరూ మ్యాపు సారంటారు.

"మా వీధి వైపు కూడా ఓసారి బండి వెయ్యండి సార్," అన్నాడు డ్రైవరు.

"మీ వీధి పచ్చగా ఉందయ్యా! ఒక్క చావైనా లేదు," అంటూ మ్యాపు సారు టీలో బిస్కెట్టు ముంచాడు. అది విరిగి మునిగిపోయింది. అయ్యయ్యో అనుకున్నాడు.

డ్రైవరు బయటికొచ్చి మళ్ళీ అట్టముక్క అందుకున్నాడు. చావులు లేకేం? నిరుడు పెద్దమ్మ కొడుకు మత్తుపొడి కాచిన చెంచా పక్కనే, చేతిలో సూదితోనే పోతే, డాక్టరు కాళ్ళావేళ్ళా పడి గుండెపోటని రాయించింది తనే. ఎదురింటివాళ్ళూ అదే దారి పట్టారు. పరువు! కాలవలో సూదులు తేలుతుంటే ముక్కు మూసుకుని దాటిపోయే పరువు. తనమీద తనకే అసహ్యం వేసింది. ఆ ముక్కుమందు ఒకటి ఇంట్లో పెట్టుకుందామంటే అమ్మ, "అపశకునం, అవతల పారెయ్యి," అంది.

ఊరి ఆ చివర, ఎరుపు వీధిలో ఉండగా అమ్మ ఫోను.

"తమ్ముడు లేవట్లేదురా. పెదాలు నీలంగా అయిపోయాయి."

"పక్కకి తిప్పి పడుకోబెట్టు. వస్తున్నా."

"బండి ఇంటిముందుకి తేకురా. నలుగురూ చూస్తారు."

అలవాటు కొద్దీ వ్యాను వీధి మొదట్లోనే ఆపాడు. అక్కణ్ణుంచి పరుగు. మందు తమ్ముడి ముక్కులో కొట్టాడు, మళ్ళీ కొట్టాడు. వాంతి అంటిన ఆ మొహం అప్పటికే చల్లబడింది.

డాక్టరు రాగానే అమ్మ ఆయన చేతులు పట్టుకుంది. "గుండెపోటని రాయండి బాబూ. మీ కాళ్ళు మొక్కుతా."

"మత్తనే రాయండి," అన్నాడు డ్రైవరు, గుమ్మంలో నిలబడ్డవాళ్ళందరికీ వినపడేలా. "నిరుడు మా పెద్దమ్మ కొడుకు పోయిందీ దాంతోనే. అప్పుడు అబద్ధం రాయించింది నేనే."

వాకిట్లో మనుషులు ఒక్కొక్కరే జారుకున్నారు. ఎదురింటి తలుపు మూసుకుంది. అమ్మ ఏడవలేదు, తిట్టలేదు. వంగి, మంచం కింద నుంచి ఏదో తీసుకుని వంటింట్లోకి వెళ్ళిపోయింది. చాలాసేపు తోముతున్న చప్పుడు వినిపించింది.

డ్రైవరు వెళ్ళి చూసేసరికి, కడిగిన గిన్నెల పక్కన చిన్న చెంచా బోర్లించి ఉంది, అడుగున మసి అలాగే ఉంది.