డిక్కీ మీద రెక్క

నేను ఒక రెక్కను. కాకిదీ కాదు, కొంగదీ కాదు. చిన్న కారు డిక్కీ మీద ఠీవిగా నిలబడే ఫైబర్ రెక్కను. ఎగిరే యోగం నాకు లేదు కానీ, ఎగిరిపడే కుర్రాళ్ల మధ్య చాలాకాలం బతికాను.

నా పుట్టిల్లు విజయవాడ ఆటోనగర్. నాగూరు అనే పనివాడు తన రేకుల షెడ్డులో, ఏదో పత్రికలో బొమ్మ చూసి, అచ్చు పోసి, గరుకు కాగితంతో రుద్ది నన్ను తయారుచేశాడు. చేయించుకున్నది ఫణి అనే ఇంజనీరింగ్ కాలేజీ కుర్రాడు. వాళ్ల నాన్న పాత కారు అప్పుడే అతని చేతికొచ్చింది. ఆ రోజుల్లో కుర్రకారుకు బండిని పెళ్లిపందిరిలా ముస్తాబు చేస్తేనే తృప్తి. కింద నీలం లైట్లు, పక్కన మంటల స్టిక్కర్లు, చెవులకు చిల్లులు పొడిచే సైలెన్సరు. అన్నీ అయ్యాక నేను.

నాగూరు నన్ను బిగించబోతుంటే ఫణి అడ్డం పడ్డాడు.

"అట్టా కాదు బాబాయ్, తిరగెయ్. ఉబ్బుగా ఉన్న వైపు పైకి రావాల. విమానం రెక్క అట్టాగే గదా ఉండేది!"

"నీ బండి, నీ ఇష్టం అబ్బాయ్," అంటూ నాగూరు బోల్టులు బిగించేశాడు. విమానాన్ని దగ్గర్నుంచి చూసినవాళ్లు ఇద్దరిలో ఎవరూ లేరు.

హైవే మీద వేగం పెరిగినప్పుడల్లా వెనక చక్రాలు తేలికైపోయేవి. ఫణి మురిసిపోయేవాడు. "చూశావట్రా, తేలిపోతంది!" అనేవాడు. పక్క సీటులో స్నేహితుడు పైకి చప్పట్లు కొడుతూ లోపల ఇష్టదైవానికి మొక్కుకునేవాడు.

ఇంటి దగ్గర నన్ను గుర్తించినది ఫణి తల్లి స్వరాజ్యం గారు ఒక్కరే. ఎండకు వెచ్చగా, వెడల్పుగా ఉంటానని తడి తువ్వాళ్లు తెచ్చి నా మీద ఆరేసేవారు. "ఇన్నాళ్లకి నీ కారుతో ఒక పనయిందిరా," అని కొడుకును దెప్పేవారు. నాకు చిన్నతనంగా ఉండేది. గాలితో పని ఉండి పుట్టినదాన్ని, తువ్వాళ్లు మోయడమేమిటి అని కుమిలిపోయేదాన్ని.

రుచులు మారతాయి. రోజూ తింటే పులిహోరకే మొహం మొత్తుతుంది, నేనెంత! మంటల స్టిక్కరున్న కారు కనబడితే చాలు, కుర్రాళ్లు "జాతర బండి" అని నవ్వడం మొదలుపెట్టారు. ఫణికి పెళ్లయింది. పెట్టించినప్పుడు ఎంత హడావుడి చేశాడో, అన్నీ తీయించినప్పుడూ అంతే చేశాడు. నేను నాగూరు షెడ్డులో అటకెక్కాను. నా పక్కన ఆ నీలం లైట్లు, బండి వెనక్కి నడిస్తే చంటిపిల్లలా ఏడ్చే హారను. ముగ్గురిలో ఎవరు ఎక్కువ వెర్రిగా ఉన్నామా అని వాదులాడుకుంటూ కాలం గడిపాం.

చాలా ఏళ్లకు ఆ కారే మళ్లీ షెడ్డుకొచ్చింది. నడుపుతున్నది ఫణి కూతురు లహరి, పక్కన ఫణి. ఈ తరం తీరు వేరు. పైకి హంగులేమీ ఉండకూడదు, బండి మాత్రం దూసుకుపోవాలి. బరువు తగ్గాలని వెనక సీటు పీకేసింది, ఏసీ పీకేసింది. ఫణి నెత్తి బాదుకున్నాడు.

"మేం ముచ్చటపడి పెట్టిస్తే, నువ్వు ముచ్చటపడి పీకేస్తన్నావేంటే!"

ఆమెది ముచ్చట కాదు, పోటీ. ఊరి బయట ట్రాకు మీద ఎవరెంత తొందరగా చుట్టి వస్తారో చూస్తారు. కిందటిసారి మలుపులో వెనక భాగం జారి కారు బొంగరంలా తిరిగింది. దెబ్బలు తగల్లేదు కానీ ఫణి హడలిపోయాడు. మరోసారి తిరిగిందంటే బండిని పాత ఇనుముకు వేసేస్తానని తేల్చి చెప్పాడు. తాతగారి నాటి ఆ కారంటే లహరికి ప్రాణం.

"తాతా, నాన్న పాత రెక్క ఉందా?" అని నాగూరును అడిగింది. అతను నన్ను దించి దుమ్ము దులిపాడు. పాత బోల్టుల గుర్తుల ప్రకారం నన్ను డిక్కీ మీద పెట్టి చూసి, లహరి పకపకా నవ్వింది.

"నాన్నా! దీన్ని తిరగేసి పెట్టించావా? ఉబ్బు పైకుంటే విమానం లేస్తది. కారు లేవకూడదు నాన్నా, నేలని పట్టుకోవాల!"

ఫణి నాగూరు వైపు చూశాడు.

"నాకేసి చూస్తావేంటి అబ్బాయ్? నాకేం తెలుసు? నీ కాలేజీని నమ్మా," అన్నాడు నాగూరు.

నా సిగ్గు ఎవరికి చెప్పుకోను! పని లేదని ఏళ్ల తరబడి ఏడ్చాను. ఉన్న పనిని తలకిందులుగా చేస్తున్నానని నాకు మాత్రం ఏం తెలుసు?

లహరి నన్ను తిప్పి బిగించింది. పోటీ రోజున ఆ మలుపు రానే వచ్చింది. కంచె అవతల ఫణి కళ్లు గట్టిగా మూసుకున్నాడు. గాలి వచ్చి పెద్దమనిషిలా నా వీపు మీద చతికిలబడింది. నేను ఆ బరువంతా కిందికి దించాను. వెనక చక్రాలు ఒక్కసారి అదిరి, రోడ్డును కరిచిపట్టుకున్నాయి. కారు తిరగలేదు! పుట్టిన ఇన్నేళ్లకు నా పని నేను చేశాను. ఆ ఆనందం ఇంతా అంతా కాదు.

లహరికి బహుమతి రాలేదు. కానీ కారు పాత ఇనుముకు పోకుండా నిలిచింది. ఫణి అప్పటికే కళ్లు తెరిచి పక్కవాళ్లకు చెబుతున్నాడు: "ఆ రెక్క ఉంది చూశారూ, నేను చేయించిందే!" తిరగేసిన సంగతి మాత్రం ఎత్తలేదు.

లహరి కారు దిగింది. చెమటతో ముద్దయిన మొహం తువ్వాలుతో తుడుచుకుని, తడిసిన దాన్ని నా మీద ఆరేసింది. స్వరాజ్యం గారి మనవరాలు కదా! ఈసారి నాకు చిన్నతనం అనిపించలేదు. గాలినే మోసినదాన్ని, నాకు తువ్వాలొక లెక్కా!