గొర్రెల దొడ్డిలో కారెట్లు

జనార్దనయ్య పోయిన రోజున ఏడవడానికి ఊరంతా వచ్చింది గాని, దొడ్డి తలుపు వేయడానికి ఒక్కరూ రాలేదు. శవం చుట్టూ ఆడవాళ్లు రాగాలు తీస్తుండగా ఆయన గొర్రెలన్నీ తమ దారిన తాము బయటికి నడిచాయి. పక్కచేలో మినుము పైరును మొదలంటా మేసి, పాడె లేచే వేళకు కడుపులు ఉబ్బించుకుని తిరిగొచ్చాయి. మినుముచేను ఆసామి కూడా బోరున ఏడ్చాడు. దేనికి ఏడ్చాడో అడిగే తీరిక ఎవరికీ లేకపోయింది.

కర్మాంతరం కాగానే ఆయన తమ్ముడు పెంచలప్రసాద్ ఆ మందను ఆత్మకూరుకు తోలించి అమ్మేశాడు. జనార్దనయ్య భార్య రాఘవమ్మ అడ్డం చెప్పలేదు. అరిగిపోయిన మోకాళ్లతో ఆమె గొర్రెల వెంట ఎక్కడ తిరగగలదు? చిక్కంతా ఖాళీ అయిన దొడ్డితో వచ్చింది.

జనార్దనయ్య పెళ్లినాటి నుంచీ ఆ దొడ్డిలోనే నులకమంచం వేసుకుని పడుకునేవాడు. దొంగల భయమనేవాడు. నన్ను గొర్రెలకు సవతిగా తెచ్చుకున్నాడని రాఘవమ్మ నలుగురినీ నవ్విస్తూ ఉండేది. ఇప్పుడు పొద్దు వాలాక ఆమే వెళ్లి దొడ్డిలో కాసేపు నిలబడి వస్తోంది. పెంటికల వాసన, ఉన్ని వాసన, బీడీ వాసన కలిసిన ఆ గాలి వానలు పడినా పోలేదు. నేల తవ్వి సిమెంటు పోస్తే ఆ వాసన కూడా ఆమెకు దక్కదు. ఈ మాట ఆమె ఎవరితోనూ అనలేదు. అంటే నవ్వుతారు.

ఒకరోజు పెంచలప్రసాద్ రానే వచ్చాడు. "ఖాళీ దొడ్డి పెట్టుకుని ఏం చేస్తావు వదినా? నా ట్రాక్టరు ఎండకు ఎండి, వానకు తడిసి తుప్పు పడతా ఉండాది. షెడ్డు వేస్తాను."

"ఖాళీ అని ఎవురు చెప్పినారు? పంట వేస్తా ఉండాను."

"ఏం పంట?"

ఏ పంటో రాఘవమ్మ ఇంకా అనుకోలేదు. వాళ్లది గొర్రెలు కాచుకునే ఇల్లు. పచ్చగా ఏది కనబడినా మేపడం తెలుసు గాని పెంచడం తెలియదు. చివరి రోజుల్లో కళ్ల డాక్టరు చెప్పాడని జనార్దనయ్య పచ్చి కారెట్లు కొరుకుతూ తిరిగేవాడు. నోటికి అదే వచ్చింది.

"కారెట్లు."

మంచినీళ్లకని వచ్చిన పక్కింటి రెబెకమ్మ బిందె కింద పెట్టి మరీ నవ్వింది. పెంచలప్రసాద్‌కు నవ్వీ నవ్వీ పొరబోయింది.

"ఉదయగిరి ఎండకి కారెట్టు భూమిలోనే ఉడికిపోతాది గదా వదినా! సరే, కానీ. పచ్చటి పైరు మీద గునపం వేసిన పాపం నాకెందుకు? పంట ఉన్నన్నాళ్లు దొడ్డి జోలికి రాను. పీకినాక మాత్రం నా షెడ్డు. రెబెకమ్మా, నువ్వే సాక్షి."

రాఘవమ్మ మర్నాడే బస్సెక్కి ఆత్మకూరు వెళ్లింది. విత్తనాల కొట్టాయన వేడికి తట్టుకునే రకం అని ఒక పొట్లం తీసిచ్చి, సాగు పాఠం మొదలుపెట్టాడు. నేల మెత్తగా గుల్ల చేయాలి, విత్తనం పైపైన చల్లాలి, మొలకలు గుబురుగా వస్తే పీకి పలచన చేయాలి. అంతవరకు ఆమె బుద్ధిగా వింది.

"ముఖ్యంగా పచ్చిపెంట వేయబాకమ్మా. ఎరువు ఎక్కువైతే దుంప చెడతాది."

రాఘవమ్మకు ఒళ్లు మండింది. తరతరాలుగా రైతులు తమ పొలాల్లో మంద కట్టమని ఆమె అత్తింటి మగవాళ్ల గడ్డాలు పట్టుకునేవాళ్లు. ఒక్క రాత్రి గొర్రెలు పడుకుని లేస్తే ఆ చేలో పైరు నల్లగా ఎదిగేది. అట్లాంటి ఇంటి కోడలికి, పెంట వేయవద్దని కొట్లో ఫ్యాను కింద కూర్చున్నవాడు చెబుతాడా? "నువ్వు గొర్రెను సూసినావా అబ్బయ్యా, ఎప్పుడన్నా?" అని అడిగి, పొట్లం కొంగున ముడేసుకుని వచ్చేసింది.

దొడ్డి నేలలో అప్పటికే జానెడు మందాన పెంటికలున్నాయి. చాలవనుకుని మూలన పోగేసిన దిబ్బంతా లాగి పోసింది. కార్తీకంలో విత్తనం చల్లింది. మొలకలు వచ్చాయి. పలచన చేయమన్న మాట గుర్తుంది గాని, పుట్టీ పుట్టని వాటిని పీకడానికి చేతులు రాలేదు.

మాఘం వచ్చేసరికి ఆకు మోకాలి ఎత్తు లేచింది. దారిన పోయేవాళ్లు ఆగి చూశారు. పెంచలప్రసాద్ వచ్చి చూసి వెళ్లిపోయాడు. రాఘవమ్మ వారం పాటు తల ఎత్తుకుని తిరిగింది. పంట చూసి మరిది మనసు మారుతుందని, ఏటా వేసుకో వదినా అంటాడని ఆమె ఆశ.

పీకే రోజున అతను మేస్త్రీని, కొలత టేపును వెంటబెట్టుకుని వచ్చాడు. సాక్షిగా రెబెకమ్మ గట్టున చతికిలబడింది. రాఘవమ్మ పడమటి వైపు నుంచి మొదలుపెట్టి, గుబురుగా ఉన్న ఆకు పట్టుకుని బలంగా లాగింది.

వచ్చింది కారెట్టు కాదు. రెండు కాళ్లు, ఒంటినిండా వెంట్రుకలు, కాళ్ల మధ్య ఇంకో చిన్న పిలక.

రెబెకమ్మ కొంగు నోట్లో కుక్కుకుంది. "అక్కా, మగబిడ్డ!"

రెండోదానికి నాలుగు కాళ్లు. "ఇది గొర్రెపిల్లే, సందేహం లేదు," అన్నాడు మేస్త్రీ. మూడోది, నాలుగోది ఒకదాన్నొకటి కావిలించుకుని వచ్చాయి. వాటిని విడదీయబోయి రెబెకమ్మ సిగ్గుతో పక్కన పెట్టేసింది. సగం మడి పీకినా తిన్నగా ఉన్న దుంప ఒక్కటీ రాలేదు.

"వదినా, కారెట్లు వేసినావా, కాపరం పెట్టినావా?" పెంచలప్రసాద్ పొట్ట పట్టుకుని నవ్వుతూ కుప్పలోంచి ఒకదాన్ని ఎత్తాడు. లావాటి దుంప. కాలు మీద కాలు వేసుకుని ఉంది. "ఇదిగో, దీన్ని సూడండి! అచ్చం మా అన్న మాదిరే పడుకోని..."

నవ్వు సగంలో ఆగింది. అతను దుంపకు అంటిన మట్టిని బొటనవేలితో తుడుస్తూ నిలబడ్డాడు.

"మీ ఇంట్లో కాలు మీద కాలు వేసుకునేదానికి మాత్రం ఎప్పుడూ లోటు లేదులే," అంది రాఘవమ్మ.

"సరే వదినా. మిగిలినయ్యి కూడా పీకెయ్. మేస్త్రీ కొలత తీసుకుంటాడు."

"ఇవి కారెట్లేనా అబ్బయ్యా?"

"ఇవెట్ట కారెట్లవతాయి?"

"అట్టయితే నా పంట ఇంకా చేతికి రాలేదు గదా."

"సరే, కారెట్లే! ఒప్పుకున్నా!"

"కారెట్లయితే పండే నేలన్నట్టే గదా. పండే నేలలో షెడ్డేంది?"

అతను సాక్షి వైపు తిరిగాడు.

"నన్ను సూడబాక ప్రసాదన్నా," అంది రెబెకమ్మ. "పంట ఉన్నన్నాళ్లు జోలికి రానంటివి. ఇంకా సగం భూమిలోనే ఉండాది. నా కళ్లతో సూస్తా ఉండా."

"మరి ఎప్పుడు పీకతావు వదినా?"

"పీకతాలే."

మేస్త్రీ టేపు చుట్టేశాడు. పెంచలప్రసాద్ చేతిలో ఉన్న దుంపను పులుసులోకని చెప్పి చొక్కా జేబులో పెట్టుకుని వెళ్లాడు. పులుసు పెట్టిన జాడ లేదు.

ఎండలు ముదిరాయి. మిగిలిన మొక్కలు బారెడు ఎదిగి తెల్లగా పూశాయి. దుంపలు ఇప్పుడు కొయ్యముక్కలై ఉంటాయని, మేకలు కూడా ముట్టవని రెబెకమ్మ చెప్పింది. రాఘవమ్మ విని, రోజూ పొద్దు వాలాక రెండు బిందెల నీళ్లు మోసి పోస్తోంది. తూర్పు సగం ఇంకా పీకలేదు.