నల్ల అద్దం వెనక దండం

థాయ్‌లాండ్‌లోని లాంపాంగ్ పట్టణంలో ఆ సందు ఎంత ఇరుకంటే, కారు వస్తే గుమ్మాల్లో కూర్చున్నవాళ్లు కాళ్లు ముడుచుకోవాలి. రోజూ పొద్దున్నే పక్కింటి విలైవన్ కొత్త కారు నల్లటి అద్దాలతో ఒరతాయ్ గుమ్మం ముందు నుంచే మెల్లగా సాగిపోయేది.

"చూశారా? నాకంటే చిన్నది. ముందు అదే దండం పెట్టాలి. కారు రాగానే కళ్లు నెత్తికెక్కాయి" అంది ఒరతాయ్ భర్త ప్రసోంగ్‌తో. దండం మాట నిజమేగానీ, ఆమెను లోలోపల కాల్చుకు తింటున్నవి ఆ అద్దాలు.

వారం తిరక్కుండా తమ పాత ట్రక్కును అద్దాలకు పొరలు అంటించే దుకాణానికి తోలించింది. అక్కడ వెలుగుతున్న దీపాల ముందు పొరల ముక్కలు నిలబెట్టి ఉన్నాయి. ప్రసోంగ్ ఒక్కోదాని వెనక చెయ్యి పెట్టి చూశాడు.

"ఈ రంగు పొర నల్లగానే ఉంది, చెయ్యి మాత్రం కాలుతోంది. కొన్నాళ్లకు ఊదాగా వెలిసిపోతుందట. లోహం పొర తళతళలాడుతోంది, వేడి కొంత ఆపుతుంది, కానీ ఫోను సరిగా పలకదట. ఈ సిరామిక్ పొర చూడు, అవతలి మనిషి కనిపిస్తున్నాడు, అయినా చెయ్యి చల్లగా ఉంది. నలుపు వేరు, చలువ వేరే!"

"చలువ ఎవరికి కనిపిస్తుందండీ? నల్లదే వేయించండి. విలైవన్ దానికంటే ఒక పిసరు ఎక్కువే ఉండాలి."

అలాగే వేయించారు. ఉడుకుతున్న ట్రక్కులో ఒరతాయ్ చెమట తుడుచుకుంటూ రాణిలా కూర్చుంది. సందు చివర జిగురన్నం అమ్మే బున్మా పిన్ని కనబడగానే రెండు చేతులూ జోడించింది. పిన్ని ముఖం తిప్పుకుంది.

మర్నాడు అన్నం పొట్లం చేతిలో పెడుతూ పిన్ని అడగనే అడిగింది. "ఏమే, బండి నల్లబడగానే చేతులు పడిపోయాయా?"

"అయ్యో పిన్నీ, దండం పెట్టానుగా!"

"ఎవరికి, అద్దానికా?"

ఒరతాయ్‌కి విలైవన్ కారు అద్దాలు గుర్తొచ్చాయి. పొట్లం చల్లారిపోతున్నా ఇంటికి పోలేదు. విలైవన్ కారు రాగానే సందుకు అడ్డంగా నిలబడింది. అద్దం కిందికి దిగింది. లోపల విలైవన్ జోడించిన చేతులు ఇంకా విడదీయలేదు. ఒక కన్ను ఎర్రగా వాచి ఉంది.

"రోజూ పెడుతూనే ఉన్నానక్కా. నువ్వే మూతి ముడుచుకుంటున్నావు."

"ఆ కంటికేమైందే?"

"ఆపరేషన్. వెలుగు తగిలితే నీళ్లు కారుతున్నాయి. అందుకే ఈ నల్లద్దాలు. నువ్వు చూడ్డానికి వస్తావని రోజూ ఎదురుచూశా. నువ్వూ నల్లవి వేయించేసరికి, ఇక నా ముఖం చూడదల్చుకోలేదనుకున్నా."

ఆ సాయంత్రం విలైవన్ ఇంటికి అన్నం పొట్లంతో వెళ్లొచ్చి, ఒరతాయ్ ట్రక్కు అద్దాలను గీకడానికి కూర్చుంది. పొర ఒక పట్టాన ఊడి రాలేదు. ప్రసోంగ్ నవ్వు దాచుకుని వేడినీళ్లు తెచ్చి ఇచ్చాడు.

ఎండ తగలకుండా అద్దానికి ఏ పొరైనా వేసుకుందాం, తప్పులేదు. పక్కింటి మనిషిని చూసే కంటికి మాత్రం అసూయ పొర వేసుకోవద్దు.