మూడు కిలోల ఇసుక

నేను ఒక ఇసుక సంచిని. నా తోటివాళ్లు కొందరు ఇళ్లయ్యారు, కొందరు వంతెనలయ్యారు. నేను మాత్రం ఒక బాలికల హైస్కూలు రోయింగ్ జట్టులో ఆరో మనిషినయ్యాను. ఇప్పుడు హుస్సేన్‌సాగర్ గట్టున పడవల షెడ్డులో, చిరిగిన లైఫ్ జాకెట్ల పక్కన, అటక మీద ఉన్నాను. బాధగా లేదు. సంతోషంగానూ లేదు. ఇసుకకి అవి ఆట్టే పట్టవు.

నా ఒంట్లో ఉన్నది ఆ స్కూలు లాంగ్‌జంప్ గుంటలోని ఇసుక. పై తొడుగు పాత లారీ టార్పాలిన్ ముక్క. కుట్టింది ఆగమయ్య సారు. మిలిటరీలో పడవలు నడిపి రిటైరై, ఆడపిల్లలకి తెడ్డు పట్టడం నేర్పుతున్న మనిషి. దబ్బనంతో మూడు వైపులా గట్టిగా కుట్టి, నాలుగో వైపు తాడు బిగించాడు. ఆ తాడు ఎందుకో తర్వాత చెబుతాను.

నేను పుట్టడానికి కారణం ఇది. మా పడవలో నలుగురు తెడ్లు వేస్తారు. ఐదో పిల్ల చివర కూర్చుని చుక్కాని పట్టి లెక్క పెడుతుంది. తెడ్లు వేసేవాళ్లు గమ్యానికి వీపు పెట్టి కూర్చుంటారు. దారి కనపడేది ఐదో పిల్లకే. ఆమె మరీ తేలికైతే పడవ తేలికై పక్కవాళ్లకి అన్యాయం జరుగుతుందట. అందుకని ఆమె నలభై ఐదు కిలోలకి తగ్గకూడదని పోటీల నియమం. తగ్గితే, తగ్గినంత ఇసుక ఆమె కాళ్ల దగ్గర పెట్టాలి. తేలిగ్గా ఉన్నవాళ్లని మనుషులు ఊరికే వదలరని నాకు పుట్టగానే అర్థమైంది.

ఆ పిల్ల పేరు ఝాన్సీ, పదో తరగతి. ఎండాకాలంలో సరిగ్గా నలభై ఐదు ఉండేదట. దసరా సెలవుల్లో వాళ్లమ్మ జ్వరంతో పోయింది. సెలవులయ్యాక వచ్చి కాటా ఎక్కితే నలభై ఒకటి. సారు ముల్లు కేసి చూశాడు, పిల్ల కేసి చూశాడు, దబ్బనం వెతుక్కున్నాడు. అలా నేను నాలుగు కిలోల బరువుతో పుట్టాను.

ఝాన్సీ ఏడవగా నేను చూడలేదు. మిగతా పడవల్లో చుక్కాని పిల్లలు గొంతు చించుకుని అరుస్తుంటే, ఈమె హాజరు పట్టీ చదివినట్టు ఒకటి, రెండు, మూడు అనేది. తిన్నావా అంటే తిన్నాననేది. కూరలో ఉప్పుందో లేదో కూడా తెలియడం లేదని ఒకసారి సారుతో అంది, వేరే ఎవరి సంగతో చెబుతున్నట్టు. నాకా మాట నచ్చింది. నాలాంటి మనిషి ఒకరు దొరికారనుకున్నాను.

ఆమెకి ఎదురుగా, మోకాళ్లు తగిలేంత దగ్గరలో కూర్చుని తెడ్డు వేసే పిల్ల భూలక్ష్మి. ఆమె వేగాన్నే వెనక ముగ్గురూ అందుకోవాలి. బోరబండ నుంచి రెండు బస్సులు మారి వచ్చేది. సీజన్ చివరి పోటీల్లో మొదటి రెండు పడవలకి రాష్ట్ర జట్టులో చోటు, దాంతోపాటు స్పోర్ట్స్ హాస్టల్లో సీటు దొరుకుతాయి. భూలక్ష్మికీ స్కూల్లో ఇదే ఆఖరి ఏడు. ఆ సీటు రాకపోతే ఆమె చేతిలో ఇక తెడ్డుండదు. ఆ సంగతి పడవంతటికీ తెలుసు.

భూలక్ష్మి రోజూ ఝాన్సీ కోసం డబ్బా తెచ్చేది, చపాతీ, కోడిగుడ్డు కూర. సారు శనివారం శనివారం ఝాన్సీని కాటా ఎక్కించి, ఆమె ఎంత పెరిగితే అంత ఇసుక స్టీలు గ్లాసుతో నాలోంచి తీసి గుమ్మం బయట పారబోసేవాడు. తాడు అందుకే. డిసెంబరు నుంచి నేను తగ్గుతూ వచ్చాను. ఫిబ్రవరికి ఒక్క కిలో మిగిలాను. ప్రతి గ్లాసుకీ పిల్లలు చప్పట్లు కొట్టేవారు. నన్ను పారబోస్తుంటే చప్పట్లు! పోనీ, వాళ్ల సంబరం వాళ్లది.

అసలు సంగతి నాకూ షెడ్డు కుక్కకీ తెలుసు. డబ్బాలో కూర కుక్క తినేది. నిజానికి కాటా ఎక్కించాల్సింది దాన్ని. శనివారం పొద్దున్నే ఝాన్సీ అందరికంటే ముందు వచ్చి, షెడ్డు వెనక కుళాయి దగ్గర రెండు లీటర్ల నీళ్లు తాగి కాటా ఎక్కేది. మోసం చేయాలని కాదు. తిన్నావా, తిన్నావా అని అడిగేవాళ్లకి జవాబు చెప్పే ఓపిక లేక.

చివరి పోటీల రోజు పొద్దున బోర్డు మీద కాగితం అతికించారు. ఈసారి చుక్కాని పిల్ల తూకం పందెం తర్వాతే, పడవ గట్టుకి చేరిన నిమిషానే. తక్కువైతే పడవ పోటీలోంచి ఔట్. ఝాన్సీ ఆ కాగితం రెండుసార్లు చదివింది. పడవ దించడం, స్టార్టింగ్ దగ్గర ఎదురుచూడడం, పందెం, అంతా కలిపి గంటన్నర. అంతసేపు రెండు లీటర్లు ఎవరి కడుపులోనూ ఆగవు.

ఆమె లోపలికొచ్చి నన్ను తీసుకుని గట్టు దిగింది. తాడు విప్పి, ఒడ్డున ఉన్న ఇసుక దోసిళ్లతో పోయడం మొదలుపెట్టింది. గాజుపెంకులు, నాచు కలిసిన ఇసుక. దాని వాసన గురించి హైదరాబాదు వాళ్లకి నేను చెప్పక్కర్లేదు.

"ఏంది బిడ్డా గిది?" సారు వెనక నిలబడి ఉన్నాడు.

"నీళ్లు తాగి కాటా ఎక్కిన సార్."

"ఎప్పటి సంది?"

"డిసెంబర్ సంది."

"ఎంత తక్కువున్నవ్?"

"రెండు కిలోలు."

సారు తిట్టలేదు. స్టీలు గ్లాసు తెచ్చి, కాటా మీద చూసి రెండు కిలోలు పోశాడు. ముడి గట్టిగా బిగించాడు. పక్కనే భూలక్ష్మి తెడ్డు పట్టుకుని నిలబడి అంతా విన్నది. వెళ్లి పడవలో కూర్చుంది.

వెయ్యి మీటర్ల పందెం. డిసెంబరు నుంచి మా పడవ తెచ్చుకున్న టైములన్నీ రెండు కిలోల అబద్ధం మీద తేలినవి. ఆ రోజే మొదటిసారి పూర్తి బరువు మోసింది. ఎనిమిది వందల మీటర్ల దాకా రెండో స్థానంలోనే ఉన్నాం. ఆ తర్వాత గాలి ఎదురు తిరిగింది, పక్క పడవ మూతి ముందుకొచ్చింది. ఝాన్సీ కాళ్లు తిమ్మిరెక్కి నా మీద ఆనుకుని ఉన్నాయి. గొంతు మాత్రం మారలేదు. ఒకటి, రెండు, మూడు. మూరెడు తేడాతో మూడో స్థానం వచ్చింది. ఆ మూరెడు నాదేనేమో. నాకు సిగ్గనిపించలేదు, ఏమీ అనిపించలేదు.

గట్టున మమ్మల్నిద్దరినీ కలిపి తూచారు. సరిగ్గా నలభై ఐదు.

షెడ్డు మెట్ల మీద ఝాన్సీ నన్ను ఒళ్లో పెట్టుకుని కూర్చుంది. భూలక్ష్మి వచ్చి పక్కన కూలబడింది.

"నా వల్లనే నీ సీటు పోయింది," అంది ఝాన్సీ.

"ఏడాదంత నీ మొఖమే జూసుకుంట తెడ్డేసిన. నువ్వు తింటలేవని నాకెరుకే."

"మరి డబ్బ ఎందుకు తెచ్చినవ్?"

"ఒక్కరోజన్న తింటవేమోనని." భూలక్ష్మి డబ్బా ఒళ్లోకి లాక్కుంది. "ముందుగాల్నే జెప్తే ఆ రెండు కిలోలు మేం మోస్తుంటిమి గదనే. అలవాటైతుండె."

భూలక్ష్మి అలవాటు కొద్దీ డబ్బా మూత తీసింది. మొహమాటానికి కాబోలు, ఝాన్సీ చపాతీ ముక్క తుంచి, కూరలో అద్ది నోట్లో పెట్టుకుంది. నమిలింది. నమలడం ఆపింది.

"ఉప్పెక్కువైంది," అంది.

భూలక్ష్మి ఆమె మొహంలోకి చూసి, మూత చేతిలో పట్టుకునే భోరున ఏడ్చింది. సీటు పోయినందుకని అందరూ అనుకున్నారు. అదీ ఉంది.

భూలక్ష్మి ఏదో మామూలు కాలేజీలో చేరబోతోందని సారు ఎవరితోనో అంటుంటే విన్నాను. తెడ్డు మళ్లీ పట్టలేదు. ఏప్రిల్లో ఝాన్సీ లైఫ్ జాకెట్ తిరిగిచ్చేయడానికి వచ్చింది. షెడ్డులో ఎవరూ లేరు. నీళ్లు తాగకుండా కాటా ఎక్కింది, దిగింది. నన్ను అటక మీంచి దించి, తాడు విప్పి, ఒక్క గ్లాసు ఇసుక గుమ్మం బయట పోసింది. ఈసారి చప్పట్లు లేవు. మిగిలిన నన్ను మళ్లీ కట్టి పైన పెట్టి వెళ్లిపోయింది. ముడి మాత్రం వదులుగా వేసింది.