మొన తేలిన తూటా

నేను ఒక తుపాకిని. కింద వేళ్లు పట్టేంత ఇనుప మీట ఉన్న పాతకాలపు తుపాకిని. ఆ మీటను కిందికి లాగి పైకి నొక్కితే పేలిన తూటా గుల్ల బయటికి ఎగిరిపడుతుంది, కొత్త తూటా వచ్చి దాని చోట్లో కూర్చుంటుంది. ఆ కొత్త తూటాలన్నీ నా నాళం కింద ఉన్న గొట్టంలో, ముందున్నదాని వెనక భాగానికి వెనకున్నదాని ముక్కు ఆనించుకొని వరుసగా పడుకుంటాయి. చూడ్డానికి బండిలో ఒకరి భుజం మీద ఒకరు నిద్రపోయే కూలీల్లా ఉంటాయి.

నన్ను సముద్రాల అవతల ఒక చలి ఊళ్లో చేశారు. ఓడెక్కి వచ్చి నిర్మల్ పక్క ఒక దొర చేతిలో పడ్డాను. ఆయన నాతో రెండు చిరుతలను చంపి ఫొటో దిగాడు. ఫొటోలో దొర ఉన్నాడు, చిరుత ఉంది, నేనున్నాను. చిరుతను పొదలోంచి తోలబోయి తొడ చీలిన మనిషి లేడు. తర్వాత వేట కూడదని చట్టం వచ్చింది. నలభై ఏళ్లు గోడకు వేలాడాను. ఎన్నికలు వచ్చినప్పుడల్లా లైసెన్సు తుపాకులన్నిటితో పాటు ఠాణాకు వెళ్లి, నాయకులు గెలిచాక తిరిగి గోడెక్కేదాన్ని.

దొర మనవడికి నా మీద మోజు లేదు. సర్కారు అనుమతితో దిగంబర్‌కు ఇచ్చేశాడు. దిగంబర్ పశువుల ఆసుపత్రిలో ముప్పై ఏళ్లు పనిచేసి రిటైరైన మనిషి. బర్రె కడుపులో అడ్డం తిరిగిన దూడను మోచేతి దాకా చెయ్యి పెట్టి తీసినవాడు. జీవి నొప్పి ఎలా ఉంటుందో చేత్తో తెలిసినవాడు. అడవి పందులు పంటల మీద పడటం ఎక్కువై, ఊళ్లు కోరితే లైసెన్సు ఉన్నవాళ్లు కాల్చవచ్చని సర్కారు జాబితా వేసినప్పుడు, దిగంబర్ పేరు అందులో చేరింది. ఆయన గురి తప్పేది కాదు. పంది కింద పడ్డాక దగ్గరికి వెళ్లి, ఊపిరి ఆగేదాకా నిలబడి, అప్పుడు పూడ్పించేవాడు.

దొర కాలంనాటి మొండిముక్కు తూటాలు ఆ ఏడు అయిపోయాయి. దిగంబర్ నన్ను సంచిలో పెట్టుకొని నిజామాబాద్‌లో ఖలీల్ సాబ్ దుకాణానికి వెళ్లాడు. ఖలీల్ సాబ్‌కు డెబ్బై దాటాయి. తూటాను వేళ్ల మధ్య తిప్పి దాని గుణం చెప్పగలడు. మొన మీద మెత్తటి రబ్బరు ఉన్న కొత్తరకం వస్తోందని, దూరం కొట్టినా సూటిగా పోతుందని, గొట్టంలో ముందున్నదాన్ని పొడవదని, కాగితాలు కదిలి చేతికి రావడానికి మూడు వారాలు పడుతుందని చెప్పాడు. ప్రస్తుతానికి నా కొలతకు సరిపోయేది ఒక్క డబ్బానే ఉంది. ఎవరో గురి పోటీల కోసం తెప్పించుకున్నవి. రాగి తొడుగుతో గట్టిగా, సూదిలా మొనదేలి ఉన్నాయి.

“ఇవి అట్ట మీద కొట్టేటియి దిగంబర్ భాయ్,” అన్నాడు ఖలీల్ సాబ్. “గొట్టంల నింపినవంటే ఒకదాని మొన ముందటిదాన్ని పొడిచి పేలుస్తది, నీ చెయ్యే పోతది. ఒక్కొక్కటి పైనుంచి పెట్టుకో. ఇంకో ముచ్చట. ఇవి లోపల విచ్చుకోవు. ఇటు సొచ్చి అటు ఎల్తయ్. జీవి పడదు, నొప్పితోని ఉరుకుతది. జీవి మీద కొట్టకు.”

డబ్బా తీసుకుంటూ, గురి సరిచూసుకోవడానికే అని దిగంబర్ మాట ఇచ్చాడు. ఇచ్చినప్పుడు నిజంగానే ఇచ్చాడు.

నాలుగో రోజు ముత్తెన్న వచ్చాడు. అడవి అంచున రెండెకరాల మక్క వేసిన రైతు. సగం చేను పందులు తొక్కేశాయి. మిగతా సగం వారంలో కోతకు వస్తుంది. అతనూ, భార్య నాగుబాయీ పదిహేను రోజులుగా మంచె మీద డబ్బాలు కొడుతూనే ఉన్నారు. దిగంబర్ తూటాల సంగతి చెప్పి, మూడు వారాలు ఆగమన్నాడు. మూడు వారాలాగితే కోసుకోవడానికి కంకి ఉండదన్నాడు ముత్తెన్న.

“ఏ తూటా అయితేంది సారూ. సచ్చేది పందే గద.”

దిగంబర్ చాలాసేపు డబ్బా వైపు చూశాడు. పెళ్లాం ఎట్లుందని అడిగాడు. కండ్లు మూతపడక జ్వరం పట్టిందని ముత్తెన్న చెప్పాడు. దిగంబర్ లేచి చొక్కా వేసుకున్నాడు.

పొద్దు గూకే వేళ చేను గట్టున కూర్చున్నాం. ఆయన నా గొట్టం ఖాళీగా ఉంచి, ఒక్క తూటాను పైనుంచి పెట్టాడు. ఖలీల్ సాబ్ చెప్పిన రెండు మాటల్లో తన చేతిని కాపాడేది పాటించాడు. రెండోది పాటించలేదు. మనుషులు హితవు వినరని నేననను. వింటారు, సగం వింటారు.

పెద్ద మగపంది వచ్చింది. భుజం వెనక సరిగ్గా తగిలింది, నాకు తెలుసు. తూటా లోపల విచ్చుకోకుండా, కాగితంలోంచి దబ్బనం వెళ్లినట్టు అటు వెళ్లిపోయింది. పంది పడలేదు. దిగంబర్ మీట లాగాడు. లోపల్నుంచి రావడానికి ఇంకొకటి లేదు. జేబులో తడుముకునేలోపు అది మక్కలోకి దూరింది. మసక వెలుతురులో నెత్తురు చుక్కలు వెతుకుతూ ఆయనా ముత్తెన్నా వాగు దాకా నడిచారు. అక్కడ చీకటి పడింది. తను వచ్చేదాకా చేన్లోకి ఎవరినీ రానివ్వొద్దనీ, దెబ్బ తిన్నది మనిషి మీదికొస్తుందనీ, పొద్దున్నే వచ్చి వెతుకుతాననీ దిగంబర్ ముత్తెన్నకు రెండుసార్లు చెప్పాడు.

పొద్దున్నే మేము చేరేసరికి గట్టు మీద జనం ఉన్నారు. జ్వరం ఉన్నా నాగుబాయి తెల్లవారుతూనే ముదిరిన కంకులు విరవడానికి చేన్లోకి దిగింది. వాగు వైపు సాలులో పడుకున్న పంది లేచి పొట్టలో పొడిచింది. ఆసుపత్రి బండి ఊరి పొలిమేర దాటకముందే ప్రాణం పోయింది. పందిని గొడ్డళ్లతో నరికారు. దిగంబర్ దాని పక్కన మోకాళ్ల మీద కూర్చుని బురద తుడిచాడు. భుజం వెనక ఇటొక చిల్లి, అటొక చిల్లి. రెండూ పెన్సిలు మొనంత. గొడ్డలి గాట్ల మధ్య ఇంకెవరికీ కనబడలేదు. అటవీ శాఖవాళ్లు వచ్చి పంది దాడి అని రాసుకున్నారు.

ఆయన వెళ్లి ముత్తెన్న పక్కన కూర్చున్నాడు.

“అది నా తూటా తిన్న పందే, ముత్తెన్నా. ఆ తూటా పెట్టొద్దని నాకెర్క.”

ముత్తెన్న నేలవైపు చూస్తూ అన్నాడు. “నేనామెకు చెప్పలే సారూ. దెబ్బ తిన్నదున్నదని చెప్పలే. చెప్తే కూలోళ్లకు తెలుస్తది, చేన్లకు ఎవ్వరూ రారనుకున్న. తెల్లారంగ నేను లేచేసరికి ఆమె పోనేపోయింది.”

ఇద్దరూ అక్కడే కూర్చున్నారు. ఒకరినొకరు తిట్టుకోలేదు, ఓదార్చుకోలేదు. ఎవరో చెంబుతో నీళ్లు తెచ్చి పెట్టారు. ఇద్దరూ తాగలేదు.

దిగంబర్ నన్ను మళ్లీ భుజానికెత్తలేదు. కర్మలు అయిపోయాక ఠాణాకు తీసుకెళ్లి, అప్పగిస్తానన్నాడు. రైటరు కాగితం ఇచ్చాడు. కారణం రాయాల్సిన గడిలో దిగంబర్ తన గుండ్రటి అక్షరాలతో ఇలా రాశాడు: ‘పనికిరాని తూటా అని తెలిసీ వాడాను. ఒక ఆడమనిషి చనిపోయింది.’

రైటరు చదివి కాగితాన్ని వెనక్కి తోశాడు. “ఇట్ల రాస్తే మీ మీద కేసైతది సార్. అది మీ ఇష్టం. కానీ పంది దాడి కింద ఆ ముత్తెన్నకు రావాల్సిన సర్కారు పైసలు గూడ ఆగుతయ్. మంచిగ ఆలోచించుకోండ్రి.”

దిగంబర్ ఆలోచించాడు. గోడ గడియారం అరగంట తిరిగింది. రైటరు ఇంకో కాగితం పెట్టాడు. దిగంబర్ పెన్ను పట్టుకుని, ఏమీ రాయకుండానే బల్ల మీద పెట్టేశాడు. చివరికి రైటరే ఆ గడి నింపాడు. ఆయన సంతకం చేసి, సంచి మడిచి చంకలో పెట్టుకొని, నా వైపు చూడకుండా మెట్లు దిగాడు.

ఇప్పుడు నేను ఠాణా వెనక గదిలో, పట్టుబడిన సారా డబ్బాలకూ చెదపట్టిన ఫైళ్లకూ మధ్య నిలబడి ఉన్నాను. మీటకు దారంతో ఒక అట్టముక్క కట్టారు. అప్పుడప్పుడు ఏ కొత్త కానిస్టేబులో దుమ్ము దులిపి దాన్ని చదువుతాడు. నంబరు, తేదీ, పేరు. కింద, అప్పగించడానికి కారణం: వృద్ధాప్యం.